ముంతపుట్టుగ యుద్ధం ప్రకటించింది

పొరుగు దేశంపై ముంతపుట్టుగ గ్రామం యుద్ధం ప్రకటించిన సంగతి పాఠకులకు తెలియకపోవచ్చు. ఆ వారమంతా పత్రికలు ఢిల్లీ వార్తలతో నిండిపోవడం వల్ల కంచిలి మండలానికి చోటు చాలలేదు. ఢిల్లీవారు అప్పటికింకా ఆలోచనలోనే ఉన్నారు. ముంతపుట్టుగకు ఆ అలవాటు లేదు కనుక, ఆదివారం పొద్దున్న టిఫిన్లు కాగానే రామమందిరం ముందు సమావేశమై, ఏకగ్రీవంగా తీర్మానించి, ఎండ ముదిరేలోగా యుద్ధంలోకి దిగిపోయింది.

యుద్ధ సంఘీభావ కమిటీకి అధ్యక్షుడు జీడిపప్పు వ్యాపారి భాస్కరరావు. ప్రచార కార్యదర్శి ఆయన ఏకైక పుత్రుడు అవినాష్. డిగ్రీ సగంలో మానేసిన ఈ యువకుడు ఏం చేస్తున్నాడో ఇంట్లోవాళ్లకే తెలియదు గాని, ఫోనులో మాత్రం అప్పటికే రెండు శత్రు నగరాలను స్వాధీనం చేసుకున్నాడు. రాత్రిపూట ఊళ్లో ఎవరూ దీపాలు వెలిగించరాదని కమిటీ హుకుం జారీ చేసింది. ఈ విషయంలో కరెంటువారు ఏనాటి నుంచో సహకరిస్తూనే ఉన్నారు. సముద్రంలో జలాంతర్గామి కనిపిస్తే పట్టి అప్పగించాలని డొంకూరు మత్స్యకారులకు కబురు వెళ్లింది. "అది వల్లో పడితే వల సిరిగిపోద్ది బావూ. కొత్త వల ఎవులిత్తారు?" అని అక్కణ్నుంచి చిన్నారావనే ఆయన తిరుగు కబురు పంపాడు. గంగపుత్రుల్లో దేశభక్తి కొరవడినందుకు కమిటీ విచారం వ్యక్తం చేసింది.

ఇంత పెద్ద యుద్ధంలో ఊరి తరఫున సరిహద్దులో ఉన్నవాడు మాత్రం ఒక్కడే, సైన్యంలో నాయక్‌గా పనిచేసే యుగంధర్. అతని భార్య సత్యవేణి ఊళ్లో జాకెట్లు కుడుతుంది. ఇంటింటా టీవీల ముందు ఈలలు మోగుతుంటే ఈమె టీవీ కట్టేసి, ఫోను ఒళ్లో పెట్టుకుని మిషను తొక్కేది. ఫోను మోగితే గుండె జారిపోయేది, మోగకపోతే అన్నం దిగేది కాదు. ఆ దెబ్బకి ఆ వారం కుట్టిన జాకెట్లన్నిటికీ ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. యుద్ధకాలంలో ప్రజలు కొన్ని త్యాగాలకు సిద్ధపడాలని భాస్కరరావు ముందే చెప్పి ఉండటంతో ఆడవాళ్లు వాటినే తొడుక్కున్నారు.

వీరుడి ఇల్లాలికి సన్మానం చేయాలని కమిటీ తలపెట్టింది. ఆ చుట్టుపక్కల సైనికుల కోసం అంతవరకు జరిగిన సభలన్నీ ఒకే మాదిరివి. అందుచేత కమిటీకి ఇంకో పద్ధతి తెలియదు. వేదిక మీద యుగంధర్ ఫొటో పెట్టారు, బంతిపూల దండ వేశారు, ముందు దీపం వెలిగించారు, అందర్నీ లేపి నిలబెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. మౌనం మధ్యలో యుగంధర్ తల్లి వేదిక ఎక్కి దండ పీకి అవతల పారేసింది.

"ఓలమ్మో! నా కొడుకు పొద్దున్నే ఫోను సేసినాడ్రా! బువ్వ తిన్నావేటే అమ్మా అని అడిగినాడ్రా!"

మౌనం శత్రు సైనికుల ఆత్మశాంతి కోసమని అధ్యక్షులవారు మైకులో సవరించారు. తరవాత సత్యవేణికి శాలువా కప్పి, నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆమె మైకు రెండు చేతులా పట్టుకుంది.

"మా ఆయనా, ఆయన్తో ఉన్నోలంతా సల్లగుండాల. ఆలకి మంచి తిండి, మంచి బూట్లు ఇయ్యాల. సెలవులు టయానికి ఇయ్యాల. ఆల కోసరం నాను రోజూ దణ్నం ఎడతన్నాను. యుద్దం మాత్రం వద్దు."

సైనికుణ్ని ప్రేమిస్తూ యుద్ధాన్ని వద్దనడం ఎలా సాధ్యమో ఎవరికీ బోధపడలేదు. భాస్కరరావు మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! వీరపత్ని సత్యవేణి గారు భావోద్వేగంతో ఒక పదం అదనంగా వాడారు. 'వద్దు' అన్నది తొలగిస్తే ఆమె ప్రసంగం అత్యంత స్ఫూర్తిదాయకంగా ఉన్నదని మనవి!"

"తీసీకు మావా," అంది సత్యవేణి, ఊరి వరస కలిపి. "తితిలీ తుపానప్పుడు కరెంటోలు స్తంబాలెక్కి పన్జేసినారు. ఆలకి సేతులెత్తి మొక్కినాం. అలగని తుపాను మల్లీ రావాలని మొక్కుకున్నామేటి?"

ఈ ప్రశ్నకు ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఇబ్బందిగా కదిలారు. వారు మొక్కుకున్నమాట నిజమే. ఎప్పుడూ నాటని కొబ్బరిచెట్లు ఆ తుపానుకు కూలిపోయి, వారికి నష్టపరిహారం వచ్చింది. సత్యవేణి శాలువా మడత పెట్టి కుర్చీ మీద ఉంచి ఇంటికి వెళ్లిపోయింది. ఆమెలో దేశభక్తి సగమే ఉన్నదనీ, మిగతా సగం కమిటీ సమకూరుస్తుందనీ తీర్మానం చేశారు.

ఇక్కడ ముంతపుట్టుగను అపార్థం చేసుకోకూడదు. దాని పట్టుదలకు కారణం ఉంది. పక్కనున్న కొండిపుట్టుగకు ఒకప్పుడు అమరవీరుడు దక్కాడు. దాంతో ఆ ఊరికి విగ్రహం వచ్చింది, విగ్రహం చూడటానికి నాయకులు వచ్చారు, నాయకుల కార్లు దిగబడకుండా తారు రోడ్డు వచ్చింది. ముంతపుట్టుగ రోడ్డు మీద మాత్రం ఈనాటికీ డయాలసిస్‌కి పలాస వెళ్లే రోగులు ఆటో దిగి, బురదలో ఆటోను తోసి, మళ్లీ ఎక్కుతారు. రోడ్డు కోసం పెట్టని అర్జీ లేదు. చివరికి ఒక అధికారి జాలిపడి, "మీ ఊళ్లో సైనికులెవరూ లేరా?" అని అడిగాడు. ఊరి చూపు యుగంధర్ ఇంటి మీద పడింది ఆ రోజునే.

ఆపత్కాలంలో తొందరపడితే పని చెడుతుందని కమిటీ ముందుచూపుతో టెక్కలిలో విగ్రహానికి పురమాయించింది. భాస్కరరావు స్వయంగా సత్యవేణి ఇంటికి వెళ్లి, ఎంతో మర్యాదగా చెప్పులు గుమ్మం బయట విడిచి, యుగంధర్ ఎత్తెంతో, మీసం మెలేస్తాడో లేదో అడిగాడు.

"ఎందుకు మావా?" అంది సత్యవేణి.

"ఉత్తినే తల్లీ. మనూరి గుంటడు గదా, తెల్సుకుందారని."

ఆయన అటు వెళ్లాక ఆమె తలుపు గడియపెట్టి ఏడ్చింది. మొగుడు పోతాడేమోనని రోజూ ఏడుస్తున్నదే. పోవాలని ఇంతమంది కాచుకున్నారన్న దుఃఖం మాత్రం కొత్తది.

ఇంతలో ఘోరం జరిగింది. రెండు దేశాలూ కాల్పులు ఆపేశాయి. ముంతపుట్టుగను ఒక్కమాటైనా అడగలేదు. భాస్కరరావు ఒకపూట భోజనం మానేశాడు. అవినాష్ స్వాధీనం చేసుకున్న నగరాలను వెనక్కి ఇవ్వనని ఫోనులో ప్రకటించాడు. సత్యవేణి ఒక్కతే జీడిపప్పు దండిగా వేసి పరమాన్నం వండి గడపగడపకూ పంచింది. వీధి గుమ్మంలో అందరూ తిరస్కరించి, పెరటి గుమ్మంలో తీసుకున్నారు.

కాల్పులు ఆగిన మూడోవారంలో యుగంధర్ సెలవు మీద పలాస స్టేషన్లో దిగాడు. రెండు చేతులు, రెండు కాళ్లు, ఒక ట్రంకుపెట్టె. చూసినవారు చూసినట్టు నిట్టూర్చారు. అప్పటికే వీధి మొగలో దిమ్మె మీద విగ్రహం నిలబడి ఉంది, పైన గుడ్డ కప్పి ఉంది, ఆవిష్కరణకు నాయకులు తేదీ ఇచ్చేశారు. యుగంధర్ గుడ్డ కొంచెం పైకెత్తి చూసి, "నాకంటే మీసం బాగుందే," అన్నాడు. అతను నవ్వేశాడు గాని సత్యవేణికి నవ్వు రాలేదు.

మర్నాడు కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. యుగంధర్ ఆవిష్కరణ రోజున ఊళ్లో కనబడకుండా ఉండగలిగితే గ్రామం ఆయనకు రుణపడి ఉంటుందని భాస్కరరావు చేతులు జోడించి ప్రాధేయపడ్డాడు. ఆ తరవాత కూడా కనబడకపోతే మరీ మంచిదని ఎవరో అన్నారు. యుగంధర్ ఏదో చెప్పబోయేలోగా భార్య లేచి నిలబడింది.

"మా ఆయన మొకం తీసీండి మావా. విగ్రహం వృదాగా పోకూడదంటే మన అవినాష్ మొకం ఎట్టించండి. యుద్దం కావాలని అందరికన్నా గట్టిగా అరిసినోడు ఆడే గదా. మీసం కూడా సరిపోద్ది."

భాస్కరరావు ముఖం కందగడ్డయింది. ఎన్నడూ లేనిది ఆయన వేదిక మీది భాష మరిచిపోయాడు.

"నోరు ముయ్యే! ఏటి మాటలే అయి? నా కొడుకు బతికున్నాడే!"

"మా ఆయనా బతికే ఉన్నాడు మావా," అంది సత్యవేణి. "ఇదిగో, నా పక్కనే కూకున్నాడు."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈసారి మౌనం పాటించమని ఎవరూ చెప్పలేదు. తరవాత భాస్కరరావు గొంతు సవరించుకుని, మళ్లీ అధ్యక్షుడై, ఒక తీర్మానం ప్రతిపాదించాడు: శాంతి పట్ల సత్యవేణి గారి మొండి వైఖరిని ఖండించడమైనది; విగ్రహం ముఖభాగాన్ని సిమెంటుతో నునుపుగా పూడ్చి, తగిన వ్యక్తి లభించేవరకు ఖాళీగా ఉంచడమైనది; గ్రామ యువకులందరూ సైన్యంలో చేరవలసిందిగా కోరడమైనది.

గ్రామస్థులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక్క చెయ్యి కూడా తగ్గలేదు. చప్పట్లు ఆగాక ప్రతి తండ్రీ పక్కవాడి కొడుకు వైపు చూశాడు.