ఇల్డమ్మ కల్ల క్యాంపు

శుక్రవారం పొద్దున్న హిల్డా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆటో ఎక్కాలి, మైకు పట్టుకోవాలి, చుట్టుపక్కల పల్లెలు తిరిగి మర్నాటి కళ్ళ పరీక్షల సంగతి చాటాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి బొడ్డమ్మ వండిన చేపల పులుసు తినాలి. ఇందులో ప్రమాదం ఎక్కడుందని వెతికినా దొరకదు.

హిల్డాది కెనడా. తిత్లీ తుఫాను కొబ్బరిచెట్లను పడగొట్టిన ఏడాది, చర్చి తరఫున దుప్పట్లు పంచడానికి ఆరు నెలల కోసం వజ్రపుకొత్తూరు వైపు వచ్చి, ఏడేళ్ళయినా కదలని మనిషి. అరవై దాటింది. ఊరు ఆవిడ పేరును తన నోటికి తగ్గట్టు 'ఇల్డమ్మ' చేసుకుంది. ఆవిడా ఊరి భాషను తన నోటికి ఎక్కించుకుంది. విశాఖపట్నంలో ఒక మాస్టారు నెలల తరబడి నాలుక మడతపెట్టించి నేర్పిన 'ళ'ను వంటచేసే బొడ్డమ్మ వారంలో వదిలించేసింది.

"ఏటమ్మా ఆ నాలిక మెలికలు? మేవంతా నీల్లంటాం, పెల్లంటాం, కల్లంటాం. నివ్వూ సుబ్బరంగా అలగే అను" అంది బొడ్డమ్మ. ఆనాటి నుంచి హిల్డా అలాగే అంటోంది.

ఈసారి క్యాంపు మీదే ఆవిడ ఇక్కడ ఉండడమా, మానడమా తేలాలి. గత రెండు క్యాంపులకూ కుర్చీలు వచ్చాయి గాని మనుషులు రాలేదు. చర్చి సేవా విభాగం అధికారి జీవన్ కుమార్ ఫోన్ చేసి, "ఈసారీ జనం రాకపోతే అక్కడి ఇల్లు మూసేసి మీకు టికెట్టు తీసేస్తాను సిస్టర్. శనివారం నేనే వచ్చి చూస్తాను" అన్నాడు.

"నేను పోను. జనం వస్తారు" అని హిల్డా ఫోన్ పెట్టేసింది.

జనం ఎందుకు రారో ఆవిడకు తెలుసు. కిడ్నీల జబ్బు పేరు చెప్పి ఈ ఉద్దానం ప్రాంతానికి ఎందరో వచ్చారు, రక్తం తీసుకున్నారు, వెళ్ళారు. ఏం తేలిందో చెప్పడానికి మాత్రం తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. 'పరీక్ష' అన్న మాట చెవిన పడితే చాలు, ఇక్కడివాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకుంటారు. తప్పు వాళ్ళది కాదు. అందుకని మైకులో ఆ మాట మాత్రం ఎత్తకూడదని హిల్డా గట్టిగా అనుకుంది.

దాలయ్య ఆటో జీడితోటల మధ్య సాగుతుంటే ఆవిడ గొంతు ఊళ్ళను లేపేసింది. "రేపు పొద్దున్న సెర్చి కాడ కల్లు! డబ్బులొద్దు! ఒకలికి రెండు సూత్తాం! మగోలు తప్పకుండా రావాల!"

దాలయ్య ఆటో ఆపి వెనక్కి తిరిగాడు. "నిజంగా డబ్బులొద్దేటమ్మా?"

"ఒక్క పైసా వద్దు. నీకూ రెండూ సూత్తాం."

"దేవుడు నిన్ను సల్లగా సూడాల" అని దాలయ్య చేతులు కళ్ళకద్దుకుని, అడక్కుండానే ఇంకో రెండు ఊళ్ళు తిప్పాడు.

శనివారం తెల్లారేసరికి చర్చి ఆవరణలో మగవాళ్ళు కిక్కిరిసిపోయారు. చేతుల్లో చెంబులు, క్యాన్లు. ముందుచూపున్న ఒకాయన నంజుకోవడానికి వేయించిన జీడిపప్పు కూడా తెచ్చుకున్నాడు. హిల్డా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పాస్టరు ప్రభాకరరావు మాత్రం చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు.

"సిస్టర్! దేవుని మందిరంలో కల్లు పోస్తామని చాటారా?"

"పోస్తామనలేదు. చూస్తామన్నాను."

"అది 'ళ' అమ్మా, 'ళ'! కళ్ళు అనండి!"

"కల్లు" అంది హిల్డా.

పాస్టరు మెట్ల మీద కూలబడ్డాడు. "తప్పయిందని మైకులో చెప్పి అందర్నీ పంపేయండి."

హిల్డాకు కెనడా టికెట్టు గుర్తొచ్చింది. మరుక్షణం ఒళ్ళు మండింది. "పంపను. ఈ ఊరు మాట్లాడినట్టే మాట్లాడాను. అది తప్పయితే ఊరంతా తప్పే. ఒక్కరూ బయటికి పోకుండా గేటు మూయండి."

ఆ మూయబోతున్న గేటును తోసుకుంటూ బొడ్డమ్మ మొగుడు అప్పన్న వచ్చాడు. కల్లు గీసే మనిషి. రెండేళ్ళుగా చూపు మసకేసి, చేతి తడుములాటతోనే తాటిచెట్లు ఎక్కుతున్నాడు. ఏ డాక్టరు దగ్గరికీ రానని భీష్మించుకున్నవాడు ఇవాళ భుజాన మోకుతో, మొలలో కత్తితో దిగాడు.

"సెర్చీలో ఊరికే పోత్తే నా కల్లు ఎవుడు కొంతాడు?" అని కేక పెట్టాడు.

సరిగ్గా అప్పుడే జీవన్ కుమార్ కారు దిగాడు. ఖాళీ కుర్చీలు చూడ్డానికి సిద్ధపడి వచ్చినవాడు జనాన్ని చూసి నిలబడిపోయాడు. "ఏం పెద్దాయనా, దేనికొచ్చారు?" అని అప్పన్ననే అడిగాడు.

"కల్లు కోసం బాబూ! కల్లే మా బతుకు! నా కల్లు పోతే నా ఇంటిది ఏటి తింతాది?"

"మాకూ కల్లు గావాల! ఇచ్చీదాకా కదలం!" అని వెనకనుంచి జనం.

ఈ వైపు జనానికి 'ళ' పలకదని జీవన్ కుమార్‌కు బాగా తెలుసు. తెలిసినందుకు గర్వం కూడా ఉంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కళ్ళ మీద ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు సిస్టర్" అన్నాడు గద్గదంగా. పాస్టరు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. బొడ్డమ్మ ఆయన కాలు తొక్కింది.

హిల్డా అప్పన్న చెయ్యి పట్టుకుంది. వేలితో అతని కంటిని చూపించింది. "ఈ కల్లు పోతే," అని, గోడ అవతలి తాటిచెట్టు వైపు తిప్పింది, "ఆ కల్లూ పోద్ది. కూకో."

"కూకోకపోతే నాను ఇంటికి రాను," అంది బొడ్డమ్మ. "నివ్వు సెట్టెక్కినప్పుడల్లా కింద నిలబడి సచ్చిపోతన్నాను." చెబుతూనే ఏడ్చేసింది.

అప్పన్న ఏదో అనబోయి, పెళ్ళాం ముఖం ఉందనుకున్న వైపు చూసి, కుర్చీలో కూర్చున్నాడు. కల్లు గీసే మనిషే కూర్చున్నాక, కల్లు పోసేది ఆ తర్వాతేమోనని మిగతావాళ్ళూ వరసగా కూర్చున్నారు. అప్పన్నకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయనీ, ఆపరేషన్ చేస్తే చూపొస్తుందనీ క్యాంపుకొచ్చిన కంటి డాక్టరమ్మ చెప్పింది. బొడ్డమ్మ అతని భుజం మీంచి మోకు తీసేసుకుంది. మధ్యాహ్నానికి చెంబులన్నిటిలో మజ్జిగ పడింది. కొందరు గొణిగారు గాని, తాగారు.

"ఇల్లు మూసే మాటే లేదు. ఇంత జనాన్ని రప్పించే ప్రచారం మీ దగ్గరే నేర్చుకోవాలి" అన్నాడు జీవన్ కుమార్ కారెక్కుతూ. "దంతవైద్యుణ్ణి పంపుతాను, వచ్చే నెల పళ్ళ క్యాంపు పెట్టండి."

సాయంత్రమే ఇల్డమ్మ మైకు పట్టుకుని ఆటో ఎక్కింది. మర్నాడు ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ సంచులు ఉతికి ఆరేసి ఉన్నాయి.