జెఫ్రీ గారు స్వహస్తాలతో పెట్టిన లైబ్రరీ

"ఈ ఆదివారం ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించబడుతుంది" అని మా ట్రాఫిక్ రైల్వే కాలనీ తెలుగు సేవా సమితి అధ్యక్షులు శ్రీ జెఫ్రీ గారు మంగళవారమే ప్రకటించారు. కార్యవర్గంలో నేనూ ఒకణ్ని కాబట్టి ఆ మహత్కార్యాన్ని దగ్గర నుంచి చూసే భాగ్యం దక్కింది.

సంగతి చిన్నదే. పూరీ గేట్ దగ్గర ఉచిత కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టారు. వెళ్లేవాళ్లకి సమితి కార్డు ఉండాలి. కార్డులు ముద్రించే కొత్త ప్రోగ్రాం మా ఆఫీసు కంప్యూటర్లో నడవనంది. మా క్లర్కు ఏంజలిన్ గారు సోమవారం కూర్చుని దాన్ని నడిపించేశారు. మొదటి కార్డు దాలమ్మకిచ్చారు. ఆవిడకి రెండు కళ్లూ మసకే. బుధవారం ఆపరేషన్‌కి పేరు రాశారు.

మర్నాడు జెఫ్రీ గారు అడిగారు, "ఏటి చేసినావమ్మా?"

"మన కంప్యూటర్ని నడిపించే లినక్స్ పాతది సార్. కొత్త ప్రోగ్రాంకి కొత్త కంపైలర్ లైబ్రరీ, అంటే ప్రోగ్రాంలు వాడుకునే ఫైళ్ల కట్ట, కావాలి. పాత లైబ్రరీ మీదే మెషీనంతా నడుస్తోంది, అందుకని దాన్ని ముట్టుకోలేదు. కొత్తది పక్కన వేరే ఫోల్డర్లో పెట్టినాను. కార్డుల ప్రోగ్రాంకి మాత్రం అక్కడ చూసుకోమని చెప్పినాను."

"లైబ్రరీ పెట్టినావా? నన్ను పిలవకుండా?"

"అరగంట పని సార్."

"అరగంటలో ప్రారంభోత్సవం ఎలాగవుద్ది?"

కార్యవర్గం వెంటనే సమావేశమైంది. ప్రారంభోత్సవం అయ్యేదాకా ఇంకెవరికీ కార్డు ఇవ్వకూడదని తీర్మానించాం. అప్పటికి కార్డుల కోసం ముప్పై ఆరుమంది వరండాలో కూర్చుని ఉన్నారు. జెఫ్రీ గారు వాళ్లందరికీ స్వయంగా నమస్కారం పెట్టి ఇళ్లకి పంపించారు. అంతటి నిగర్వి.

శనివారం వారికి ఇంకో గొప్ప ఆలోచన వచ్చింది.

"రేపు నా చేత్తో పెట్టాలంటే ఇయ్యాళ తీసెయ్యాలి గదా?"

"కొత్త ఫోల్డర్ ఒక్కటీ తీస్తే సాలు సార్, రేపు మళ్లీ పెట్టొచ్చు" అని ఏంజలిన్ గారు కంప్యూటర్ తెరిచిపెట్టి, ఫోన్ మోగితే వరండాలోకి వెళ్లారు.

జెఫ్రీ గారు కుర్చీలో కూర్చున్నారు. "కొత్తది తీసేస్తే జనం ఏటంటారు? అభివృద్ధి తీసేసినాడంటారు" అని నాతో అన్నారు. నేను తలూపాను. వారు స్వహస్తాలతో పాతది తీసేశారు.

ఏంజలిన్ గారు తిరిగి వచ్చేసరికి ఏ మీట నొక్కినా కంప్యూటర్ పలకలేదు.

"ఏది తీసినారు సార్?"

"పాతది."

ఆవిడ మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. "బాగు చెయ్యడానికి మూడు రోజులు పడతాది. శిబిరం సోమవారంతో సరి. ముప్పై ఆరుమంది సార్."

"వాళ్ల సంగతి స్పీచ్‌లో చూసుకుంటాను."

ఆదివారం సభ నిండింది. ఆ ముప్పై ఆరుమందిని ముందు వరసలో కూర్చోబెట్టాం. మానిటర్‌కి బంతిపూల దండ వేశాం. జెఫ్రీ గారు రిబ్బన్ కత్తిరించి మీట నొక్కారు. తెర నల్లగానే ఉంది.

"చూసినారా, చప్పుడు లేకుండా ఎలా పనిచేస్తోందో" అన్నారు వారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

తర్వాత మొదటి లబ్ధిదారుకి కార్డు ప్రదానం. దాలమ్మ నల్లకళ్లద్దాలతో వేదిక ఎక్కింది. ఆవిడ కార్డునే పొద్దున్న మేం అడిగి తెచ్చాం. జెఫ్రీ గారు దాన్ని రెండు చేతులతో అందించి, మైకు ఆవిడ ముందు పెట్టారు.

"పన్నెండేళ్లుగా మీకు సేవ చేస్తన్నాను. రెండు ముక్కలు సెప్పమ్మా."

"ఆపరేషన్ బాగా అయినాది. ఒక కన్ను తేటగా కనబడతాంది" అంది దాలమ్మ. కళ్లద్దాలు తీసి జెఫ్రీ గారి మొహంలోకి కాసేపు పరకాయించి చూసింది. తర్వాత వెనక స్టూలు మీదున్న ఏంజలిన్ గారి వైపు తిరిగింది.

"ఏంజలినమ్మా, ఈ బాబెవరు?"

జెఫ్రీ గారు కెమెరా వైపు తిరిగి నవ్వుతూనే ఉన్నారు.