జమీలా చింపిన చివరి పేజీలు

ఆ మంగళవారం పొద్దున జమీలా పెట్టుకున్న పనులు రెండే. షాపు తీసి దుమ్ము దులపడం ఒకటి. కూతురు ఆస్మా వారం రోజులుగా అడుగుతున్న కొత్త నవలను తాను చదివి ముగించడం రెండోది. తెనాలి స్టేషన్ రోడ్డులోని ఆ అద్దె పుస్తకాల షాపును భర్త అబ్దుల్ షుకూర్ పోయినప్పటి నుంచి ఆవిడే నడుపుతోంది. సెల్‌ఫోన్లు వచ్చి ఊళ్లో ఇలాంటి షాపులన్నిటినీ మింగేసినా ఇది మాత్రం మొండిగా నిలబడింది, యజమానురాలి లాగానే. తాను చదవని పుస్తకాన్ని కన్నకూతురికైనా సరే ఇవ్వకూడదని ఆవిడ నియమం.

నవల పేరు ‘లేడీస్ పెట్టె’. రేపల్లె నుంచి తెనాలికి రోజూ రైల్లో వచ్చే ఇద్దరు ఇంటర్ అమ్మాయిలు ఒకరినొకరు ప్రేమించుకునే కథ. రాసినావిడ కరుణ, బాపట్లలో లెక్చరర్. ఇంట్లో మొదటి సగం చదువుతూ జమీలా పాలు పొంగబెట్టుకుంది. మధ్యలో మాత్రం ఒళ్లు మండింది. టికెట్ కలెక్టరు మొదలు పల్లీలమ్మే మనిషి దాకా ప్రతివాడూ ప్రేమ మీద ఉపన్యాసం దంచేవాడే. అదీ ఓర్చుకుంది. చివరి అధ్యాయంలో ఇద్దరిలో ఒకమ్మాయి పెనుమూడి వంతెన మీంచి కృష్ణలో దూకి చచ్చిపోయింది. అక్కడ మాత్రం జమీలా ఓర్చుకోలేకపోయింది.

ఎందుకంటే ఆస్మా సంగతి ఆవిడకు తెలుసు. ఈవిడ అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు. అయినా డిగ్రీ చదివే కూతురు ఈ నవల కోసమే ఎందుకు ప్రాణం తీస్తోందో తల్లికి అర్థం కాదా? అలాంటి పిల్లకు, నీలాంటి వాళ్ల బతుకు ఇంతే అని చెప్పే పుస్తకం ఇవ్వడానికి జమీలాకు చేతులు రాలేదు. పోనీ దాచేద్దామంటే మొదటి సగం బంగారం. స్కేలు పెట్టి, బ్లేడుతో చివరి అధ్యాయాన్ని శుభ్రంగా కోసేసి, పాత పేపర్లతో కలిపి ఎదురుగా ఉన్న బజ్జీల బండి జాన్సన్‌కు ఇచ్చేసింది. చేసింది తప్పని ఆవిడకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

ఆస్మా కాలేజీ నుంచి వచ్చేలోపే వేమూరు రిటైర్డ్ హెడ్మాస్టరు పూర్ణచంద్రరావు వచ్చాడు. డిటెక్టివ్ నవలలు తప్ప ముట్టని మనిషి. అట్ట మీద రైలు బొమ్మ చూసి రైల్లో హత్య అనుకుని, జమీలా చిల్లర కోసం పక్క షాపుకు వెళ్లొచ్చేలోగా పుస్తకం పట్టుకుపోయాడు. మర్నాడు ఆయన దాన్ని బల్ల మీద పెట్టి అడిగాడు.

"చివరి పేజీలు లేవేంటి జమీలమ్మా?"

"నేనే చింపేశానండి. అవి పిల్లలు చదివేవి కావు."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఇద్దరాడపిల్లల ప్రేమకథ, అందులో జమీలా అంతటి మనిషే జడిసి చింపేసిన పేజీలు! వాటిలో ఏముండి ఉంటుందో ఆయన తీరిగ్గా ఊహించుకుని, ఆ ఊహనంతా తనతో వాకింగుకు వచ్చే పెద్దమనుషులకు వినిపించి, పుస్తకాన్ని నిషేధించాల్సిందేనన్నాడు.

ఇక చూడాలి. కొల్లిపర నుంచి కూడా జనం దిగారు. వచ్చినవాళ్లంతా ఖండించడానికే వచ్చారు, కానీ ఖండించాలంటే ముందు చదవాలి కదా. ఆ పేజీలు బజ్జీల బండికి పోయాయని తెలియగానే జాన్సన్‌కు ఊపిరి సలపలేదు. కొన్నవాళ్లు బజ్జీలు పక్కన పెట్టి కాగితాలు చదువుతున్నారు. కబురు రేపల్లె చేరేసరికి తెనాలిలో పుస్తకాలు తగలబెట్టారని, బాపట్ల చేరేసరికి తగలబెట్టింది జమీలాయేనని అయింది.

శనివారం కరుణ బాపట్ల నుంచి మండిపడుతూ దిగింది. వెంట నలుగురు విద్యార్థులు, ఒక ప్లకార్డు. సరిగ్గా అప్పుడే మాస్టారి వాకింగు బృందం, ధర్మం నిలబెట్టిన జమీలాకు కప్పడానికి శాలువాతో వచ్చింది. ఆస్మా లోపల అల్మారాల మధ్య బిగుసుకుపోయి నిలబడింది.

ఎవరి మెప్పు కోసం చింపారని, ప్రేమంటే అంత భయమేంటని కరుణ నిలదీసింది. జమీలా మీదికొస్తున్న శాలువాను పక్కకు నెట్టింది.

"ప్రేమ ఉన్న పేజీలన్నీ అలాగే ఉన్నాయి మేడం, చూసుకోండి. చావు ఒక్కటే చింపాను."

కరుణ కాస్త తడబడింది. ఆ చావు చూసి పాఠకులు కదిలిపోవాలనీ, అప్పుడే లోకం మారుతుందనీ చెప్పబోయింది.

"మీ పాఠకులు కదలడానికి మా పిల్లలు చావాలా?"

మా పిల్లలు అన్న మాట అందరూ విన్నారు. లోపలున్న ఆస్మా కూడా వింది. మాట వెనక్కి తీసుకోవడానికి జమీలాకు కావలసినంత వ్యవధి దొరికింది. తీసుకోలేదు. తలెత్తి ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది.

మొదట నోరు విప్పింది మాస్టారే. పొద్దున బజ్జీలతో వచ్చిన నూనె కాగితాన్ని జేబులోంచి తీశాడు. బూతు కోసం వెతికిన ఆయనకు అందులో దొరికింది ఆ పిల్ల వంతెన మీద వదిలివెళ్లిన చెప్పుల జత. మొదటి నుంచీ చదివాడేమో, తెలియకుండానే ఆ పిల్ల మీద మమకారం పెంచుకున్నాడు. కరుణ వైపు తిరిగాడు.

"ఫస్టు క్లాసులో పాసైన పిల్లమ్మా. చంపడానికి నీకు మనసెలా ఒప్పింది?"

నిషేధం మాట ఆయనకు గుర్తే లేదు. ప్లకార్డు ఎవరికి చూపించాలో విద్యార్థులకు తెలియలేదు. రెండో ముద్రణకు ఆలోచిస్తానని కరుణ గొణిగింది. ఆలోచించినా ఆలోచించకపోయినా తన షాపులో ఆ పిల్ల బతికే ఉంటుందని జమీలా తేల్చి చెప్పింది.

అందరూ వెళ్లాక ఆస్మా వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"కొత్త పుస్తకాల పార్సిల్ విప్పిన రోజే దీన్ని మొత్తం చదివేశానమ్మీ. నువ్వు చదవందే ఇవ్వవు కదా. నీతో చదివించాలనే రోజూ అడిగాను."

జమీలాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కూతుర్ని కాపాడుతున్నానని ఇన్నాళ్లూ తాను అనుకుంటే, కూతురే తనకు పాఠం చెప్పింది. కళ్లు తుడుచుకుని, ఎవరా పిల్ల అని అడిగింది. రేపల్లె, పేరు సానియా అని చెప్పింది ఆస్మా. ఏం చదివింది, ఇంట్లో ఎవరెవరున్నారు, నిన్ను బాగా చూసుకుంటుందా అని వరసగా అడిగింది. అన్నిటికీ మంచి జవాబులే వచ్చాయి.

"పుస్తకాలు చదువుతుందా?"

"అస్సలు ముట్టుకోదమ్మీ."

ఆ సంబంధంలో జమీలాకు కనిపించిన లోపం అదొక్కటే.