నాలుగు గోల్స్ అల్లుడు

ఆ ఆదివారం ఉదయం చిన్నల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు స్నానం చేసి వచ్చేలోగా టీవీ గొంతు కాస్త పెంచాలి. కొన్నాళ్ళుగా అది గుసగుసలాడటం తప్ప నోరు విప్పడం లేదు. మామగారి ఎడమ చెవి ఏనాడో పనిమానేసింది, కుడి చెవి తనకు నచ్చినవే వింటుంది. చిన్నల్లుడు గడియారాలు బాగుచేసేవాడు. వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టి కూర్చోబెట్టేవాడికి ఇంత పెద్ద టీవీ ఒక లెక్కా అనుకుని వెనక మూత విప్పాడు.

ఆ రోజు మామగారి దగ్గర మంచి మార్కులు కొట్టేయడం అతనికి చాలా అవసరం. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియంలో మామగారికి పక్కపక్కనే రెండు శాశ్వత సీట్లున్నాయి. ఒకటి ఆయనది, రెండోది ఆయన అన్నగారిది. అన్నగారు పోయాక ఖాళీ అయిన ఆ సీటు ఏ అల్లుడికిచ్చేదీ ఆ ఆదివారపు ఆట అయ్యాక చెబుతానని మామగారు ప్రకటించారు. పెద్దల్లుడు బ్యాంకులో పెద్ద ఉద్యోగి, గొంతు ఇంకా పెద్దది. చిన్నల్లుడికి ఆ రెండూ లేవు గానీ ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ క్లబ్బంటే ప్రాణం. ఆ సీట్లో కూర్చున్నట్టు అతనికి నిద్రలో కలలొచ్చేవి, మెలకువలోనూ వచ్చేవి.

మామగారికి మోకాలి నొప్పి వచ్చింది. దాంతో ఆవేళ ఆయన సీట్లోకి అత్తగారూ, అన్నగారి సీట్లోకి పెద్దల్లుడూ వెళ్ళారు. చిన్నల్లుడికి మామగారి కాపలా దక్కింది. "నాన్నకి అసలే బీపీ. ఆవేశపడకుండా చూసుకోండి. పూచీ మీదే," అని చెప్పి అతని భార్య ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆమె నర్సు. ఆట ఉన్నరోజున వాళ్ళ నాన్నను ఆవేశపడకుండా చూడటం ఏ నర్సు వల్లా కాదని ఆమెకు తెలుసు, అందుకే డ్యూటీ వేయించుకుంది.

మామగారి ఆవేశమంతా క్లబ్బు మేనేజరు మీద. చిన్న క్లబ్బు మేనేజరు ఓడకపోతే చాలు, ఊరేగిస్తారు. పెద్ద క్లబ్బు మేనేజరుది అత్త లేని కోడలి బతుకు కాదు, లక్షమంది అత్తలున్న కోడలి బతుకు. కప్పు తెస్తే లీగేదీ అంటారు. లీగూ తెస్తే ఆటలో అందం లేదంటారు. అందంగా ఆడించి గెలిస్తే, పాతాయనైతే ఇందులో సగం ఖర్చుతో గెలిచేవాడంటారు. పాతాయన అంటే పాతికేళ్ళ కిందటి మేనేజరు. ఆయన ఉన్నన్నాళ్ళూ మామగారి చేత రోజుకు రెండు పూటలా తిట్లు తిన్నాడని అత్తగారొక్కరే గుర్తుచేస్తుంటారు. ఆ మాట మాత్రం కుడి చెవికీ వినబడదు.

ఇప్పటి మేనేజరును వెనకేసుకొచ్చేవాడు వీధి మొత్తానికి ఒక్కడే, పక్కింటి దర్జీ. గుడ్డ కత్తిరించగానే చొక్కా అయిపోతుందా, కుట్టడానికి టైమివ్వద్దూ అంటాడు. ఈ మాట మీద ఇద్దరికీ చెడింది. ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం మానేశారు.

మామగారు తల తుడుచుకుంటూ వచ్చేసరికి టీవీ మూత బిగించి ఉంది. బల్ల మీద రెండు మరలు మిగిలి ఉన్నాయి. టీవీలో గుసగుస కూడా లేదు, బొమ్మా లేదు. ప్రసారంలో ఏదో లోపం వచ్చిందట అని చిన్నల్లుడు చెప్పాడు. చెబుతూ మరలు జేబులో వేసుకున్నాడు.

దర్జీ ఇంటికెళ్ళి చూడొచ్చు కదా అంటే మామగారు ససేమిరా అన్నారు. మిగిలింది చిన్నల్లుడి బొత్తాల ఫోను. స్టేడియంలో ఉన్న అత్తగారికి ఫోన్ చేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు మామగారి కుడి చెవిలో వేయడానికి ఒప్పందం కుదిరింది.

చెప్పింది చెప్పినట్టే వేద్దామని అతను నిజంగానే అనుకున్నాడు. ఆట మొదలైన కాసేపటికే అత్తగారు, "బాబూ, వాళ్ళు గోల్ వేశారు," అన్నారు. చిన్నల్లుడు మామగారి వంక చూశాడు. ఆయన మెడ నరం అప్పటికే ఉబ్బి ఉంది. భార్య మాట గుర్తొచ్చింది, సీటు గుర్తొచ్చింది.

"గోలండీ మామయ్యగారూ. మనదే," అన్నాడు.

మామగారు కుర్చీలోంచి లేచారు. మోకాలి నొప్పి ఎటు పోయిందో తెలియదు. ఆ కేక విని పక్కింట్లో దర్జీ ఉలిక్కిపడ్డాడు. అతని టీవీలో మన గోల్‌కీపరు అప్పుడే బంతిని వలలోంచి ఏరుకుంటున్నాడు.

ఒక అబద్ధం ఆడితే దానికి కాపలాగా ఇంకో పది ఆడాలంటారు. చిన్నల్లుడికి అంత ఊహాశక్తి లేదు. గోల్ ఎవరు వేశారన్నది తిరగేసి, మిగిలిందంతా ఉన్నదున్నట్టు చెప్పసాగాడు. రెండో గోల్ పడింది. అది విన్న మామగారు బీపీ మాత్ర కూడా ఎవరూ చెప్పకుండానే వేసుకున్నారు. కాసేపయ్యాక అత్తగారు, మేనేజరు కెప్టెన్ని బయటికి పిలిచేశాడనీ, ఎవరో మీసాలు కూడా రాని పిల్లాణ్ణి దింపాడనీ చెప్పారు. చుట్టూ జనం మేనేజరును బండబూతులు తిడుతున్నారట.

చిన్నల్లుడు బూతులు మినహాయించి సంగతి చెప్పాడు. నిన్నటి దాకా కెప్టెన్ని వేలెత్తి చూపితే ఇల్లు పీకి పందిరేసే మామగారు మెల్లగా తలాడించారు.

"బుర్రంటే అదీ. గెలుస్తున్నప్పుడే కుర్రాళ్ళని తయారు చేసుకోవాలి. పాతాయనకి కూడా ఇంత ధైర్యం లేదు, అల్లుడూ."

పాతాయన కన్నా గొప్పవాడని ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఎవర్నీ అనలేదు. మూడో గోల్ పడ్డాక మేనేజరు ఉన్న డిఫెండర్లలో ఒకణ్ణి తీసేసి ముందుకు ఆడేవాణ్ణి దింపాడు. సాహసం అన్నారు మామగారు. నాలుగోది పడ్డాక మేనేజరు చేతులు కట్టుకుని ఊరకే నిలబడిపోయాడు. నిబ్బరం అన్నారు. ఇన్నాళ్ళూ ఇంత మంచివాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టానే అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆయన అంత సంతోషంగా ఉండటం చిన్నల్లుడు ఎప్పుడూ చూడలేదు. తప్పు చేస్తున్నానని తెలిసినా అతనికీ లోలోపల ఆనందం పొంగింది.

ఆట ముగిసి గంటయ్యాక గుమ్మంలో దర్జీ ప్రత్యక్షమయ్యాడు, మెడలో కొలత టేపుతో సహా. నాలుగు గోల్స్‌తో అతని నమ్మకం చచ్చిపోయింది. ఓటమి ఒప్పుకుని పోదామని వచ్చాడు.

"అన్నా, నువ్వన్నదే నిజం. ఆ మనిషి పనికిరాడు," అన్నాడు.

సరిగ్గా అదే క్షణంలో మామగారు చేతులు చాచి ఎదురెళ్ళారు. "తమ్ముడూ, నువ్వన్నదే నిజం. ఆయన మహానుభావుడు."

ఇద్దరూ కౌగిలించుకోబోయి సగంలో ఆగారు. పుండు మీద కారం చల్లుతున్నాడని దర్జీ అనుకున్నాడు. గెలిచిన పూట కూడా నా మాటకు ఎదురుచెబుతున్నాడని మామగారు అనుకున్నారు. గొంతులు లేచాయి. కెప్టెన్ని తీయడం తెలివి అని ఒకరు, తెలివితక్కువ అని ఒకరు. మొన్నటి వాదనే, మనుషులే అటువాళ్ళు ఇటు మారారు. చిన్నల్లుడు వంటింట్లోకి జారుకోబోతుంటే అత్తగారు వీధి గుమ్మంలోంచి వచ్చారు.

"నాలుగు పడితే ఇంత సంబరమేమిటండీ?" అన్నారు.

"వేసింది మనమేగా," అన్నారు మామగారు.

"మనమెక్కడ వేశాం? తిన్నాం."

గదిలో అందరూ చిన్నల్లుడి వైపు తిరిగారు. అతను జేబులోంచి మరలు తీసి బల్ల మీద పెట్టి, టీవీ దగ్గర మొదలెట్టి నాలుగో గోల్ దాకా ఒప్పుకున్నాడు. ఆ సీటు మీద ఆశ వదిలేసుకున్నాడు కాబట్టి ఏమీ దాచలేదు.

మామగారు ముందుగా, కెప్టెన్ని తీసిన మాట నిజమేనా అని అడిగారు. నిజమే. కుర్రాణ్ణి దింపింది? నిజమే. డిఫెండర్ని తీసేసింది? అదీ నిజమే, స్కోరొక్కటే అబద్ధమన్నాడు అల్లుడు. అంటే ఇందాకటి నుంచీ అన్నయ్య మెచ్చుకున్నది ఓడిపోయిన మేనేజరునా అని దర్జీ పకపకా నవ్వాడు. మామగారి మెడ నరం ఒకసారి ఉబ్బింది. ఉబ్బి, తగ్గింది. ఆయనకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోలేక మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

కాస్త తేరుకున్నాక ఆయనకు ఒక లోటు కనబడింది. "పెద్దల్లుడేడీ?" అన్నారు.

మూడో గోల్ పడగానే, ఈ దరిద్రం చూడటం నా వల్ల కాదని లేచి వెళ్ళిపోయాడని అత్తగారు చెప్పారు. చివరిదాకా తానొక్కరే కూర్చుని బస్సులో వచ్చారట.

మామగారి ముఖంలో నవ్వు పోయింది. ఆ కుటుంబంలో అబద్ధానికి క్షమ ఉంది, టీవీ పగలగొట్టినా ఉంది. ఆట మధ్యలో లేచిపోయినవాడికి మాత్రం లేదు. ఆయన అన్నగారు జ్వరంతో వణుకుతూ కూడా చివరి విజిల్ దాకా ఆ సీట్లోంచి కదిలేవారు కాదు.

"నాలుగు గోల్స్ తిని కూడా నువ్వు చివరిదాకా కూర్చున్నావు. నన్నూ కూర్చోబెట్టావు," అన్నారు చిన్నల్లుడితో. "సీటు నీది. అబద్ధం ఆడాలనిపిస్తే అక్కడ మాత్రం నోరు మూసుకుని కూర్చో."

చిన్నల్లుడు వంగి మామగారి చేతులు పట్టుకుని వదల్లేదు. ఓడిన మేనేజరు మంచివాడే, ఆడినవాళ్ళే వెధవలని మామగారూ, కాదని దర్జీ అప్పటికే మళ్ళీ మొదలెట్టేశారు.

మర్నాడు క్లబ్బు మేనేజరును తీసేసింది. అల్లుళ్ళను తీసేసే పద్ధతి ఇంకా ఏ ఇంట్లోనూ రాలేదు కాబట్టి, పెద్దల్లుడు మాత్రం పదవిలో కొనసాగుతున్నాడు.