మూతల్లో ఫస్టొచ్చాం

"ఎవరైనా మింగేస్తే?"

మెట్ల కింద డ్రమ్ము ఇంకా పెట్టనే లేదు, నేను అడిగేశాను. మా బిల్డింగ్ సెక్రటరీ గారు చీటీ పట్టుకుని నిలబడిపోయారు. "డ్రమ్మునా అమ్మా?" అన్నారు. మూతల్నండీ బాబూ!

అయినా వినండి. సీసా మూతలు పోగుచేసే ఈ కార్యక్రమం నాలాంటి తల్లులకు దొరికిన వరం! ఇన్నాళ్లూ నేను దేనికి కంగారుపడినా ఇంటిల్లిపాదీ నవ్వేవారు. ఇప్పుడు అదే కంగారుని పర్యావరణం అంటున్నారు. పదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఇంతకంటే ప్రమోషన్ ఏం కావాలి?

మూతలన్నీ కరిగించి పార్కులో బెంచీలు చేస్తారట. అంతస్తుకో సంచీ, తూచాక డ్రమ్ములో పోస్తారు. ఎవరి సంచీ బరువెక్కువో నోటీసు బోర్డు మీద రాస్తారు. మా మూడో అంతస్తు ఆఖరున ఉంటే? రేపు లిఫ్టులో నలుగురి మొహాలు ఎలా చూడాలి?

మా ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లే తాగేవాళ్లం. కాచిన నీళ్లకు మూతేదీ? అందుకని సీసాల నీళ్లకు మారాం, నీళ్ల షాపాయన రోజూ ఇంటికే పంపుతున్నాడు. చూశారా, ప్లాస్టిక్ తగ్గించడానికి ఎంత ప్లాస్టిక్ కొన్నానో! మావారి చేత రోజుకు రెండు కూల్‌డ్రింకులు తాగించాను.

"నాకు షుగరుందే!" అన్నారాయన.

"మూతకి లేదు కదండీ!" అన్నాను.

అవీ చాలలేదు. షాంపూ, ఫినాయిల్, తలనూనె... ఇంట్లో కనబడిన ప్రతి సీసా మూతా ఊడదీశాను. నూనె సీసా ఒరిగింది. ఒరిగితే ఒరిగింది, వెళ్లి వెళ్లి మా అమ్మాయి బల్ల మీదే ఒరగాలా? ఇళ్ల ప్లాన్లు గీయడం నేర్చుకుంటున్న పిల్ల. మూడు వారాలు నడుము వంచి గీసిన షీటు నూనెపాలైంది. మర్నాడే కాలేజీలో ఇవ్వాల్సింది.

పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది. తొమ్మిది రోజులు గడిచాయి, నాతో ఒక్క మాట లేదు. ఇదీ మూతల మహిమే! నేను సీసాలకు తీసిన మూతలన్నీ దాని నోటికి పడ్డాయి. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు! ఆ ప్రశాంతతకు నాకు ముద్ద దిగలేదు.

నిన్న ఫలితాలొచ్చాయి. మేమే ఫస్టు! సెక్రటరీ గారు చప్పట్లు కొట్టించారు. ఇన్ని మూతలు ఎక్కడివని ఒక్కరైనా అడిగితే ఒట్టు! వ్యాను వచ్చి మూతలు పట్టుకుపోయింది. సీసాలు వాళ్లకు అక్కర్లేదట. మా బాల్కనీలో నడుం లోతున ఉన్నాయి.

ఆ సాయంత్రం అమ్మాయి గది గుమ్మంలో నిలబడ్డాను. మళ్లీ అదే షీటు గీస్తోంది.

"ఫస్టొచ్చామే" అన్నాను.

పెన్సిల్ ఆగలేదు.

"తప్పు నాదేనమ్మా. మీ సారు దగ్గరికి వచ్చి, మా అమ్మాయి తప్పేం లేదని నేను చెప్పనా?"

పెన్సిల్ ఆగింది. ఫ్యాను తిరుగుతోంది, షీటు అంచు లేచి పడుతోంది. ఇక జన్మలో మాట్లాడదేమో అనుకున్నాను.

చివరికి తలెత్తకుండానే అంది:

"సారుకేం చెప్పక్కర్లేదు. ఆ నీళ్ల షాపాయనకి చెప్పు, రేపట్నుంచి సీసాలు పంపొద్దని."