పరమ గోప్యమైన సర్వే

"ఈ సర్వే హండ్రెడ్ పర్సెంట్ ప్రైవసీ! ఎవరేం రాశారో దేవుడికి కూడా తెలీదు!" అని మత్తు నిర్మూలన ప్రత్యేకాధికారి నరసింగరావు గారు పాతపట్నంలోని ఓ కాలేజీ హాల్లో ప్రకటించారు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. జువాలజీ లెక్చరర్ రాజకుమారి కూడా కొట్టింది.

ఫారాలు పంచారు. పేరు అక్కర్లేదు. హాల్‌టికెట్ నంబరూ, తండ్రి ఫోన్ నంబరూ వేస్తే చాలు. పిల్లలు జంకకుండా నిజం రాయాలని బెంచీకో కానిస్టేబుల్‌ని నిలబెట్టారు.

"ఏటిరా రాస్తన్నావు?" అని ఒక కానిస్టేబుల్ వంగి చూశాడు.

"గంజాయంటే ఏటని అడుగుతన్నాను సార్," అన్నాడు ధనరాజ్, ఎర్రటి కళ్లు నులుముకుంటూ.

ఫలితం సున్నా శాతం. అధికారి గారు పులకించిపోయారు. గేటుకి 'మత్తు రహిత కళాశాల' అని ఫ్లెక్సీ కట్టించారు.

ఆ ఎర్రటి కళ్లు రోజూ క్లాసులో చూస్తున్న రాజకుమారికి నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు ల్యాబులో ఓ అట్టపెట్టె పెట్టింది. "వాడితే అవునని రాయండి, లేకపోతే లేదని. పేరొద్దు, నంబరొద్దు. నేను బయటుంటాను," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

పెట్టెలో ముప్ఫై ఎనిమిది 'అవును'లు వచ్చాయి. ఒకదాని కింద, 'మానలేకపోతన్నాను మేడమ్. ఎవులికి సెప్పాలి?' అని ఉంది. ఆమె డాక్టర్ని పిలిపించమని కాగితాలతో అధికారి గారి దగ్గరికి పరుగెత్తింది.

ఆయన గంభీరంగా ఆలోచించారు. "నేను సర్వే చేస్తే సున్నా. మీరు ప్రైవసీ ఇస్తే ముప్ఫై ఎనిమిది. పిల్లల్ని పాడుచేస్తున్నదేంటో తెలిసిందా మేడమ్?"

"ఏటండి?"

"ప్రైవసీ!"

మానలేనన్నవాడి చేతిరాత పట్టేద్దామని, అందర్నీ హాల్లో కూర్చోబెట్టి అదే వాక్యం రాయమన్నారు. మూడో వరసలో ధనరాజ్ పెన్ను కదలడం లేదు. చెమటకి కాగితం తడిసిపోతోంది.

రాజకుమారి లేచింది. "ఆపండి సార్. ఆ రాత నాది."

"మీదా! మరి ఇందులో 'మేడమ్' అనుందే?"

"నాకు నేనే సెప్పుకున్నానండి."

సాయంత్రానికల్లా రిపోర్టు వెళ్లింది: 'విద్యార్థులు సున్నా. అధ్యాపకులు ఒకరు.' ఆమె వెంటనే శ్రీకాకుళం వెళ్లి డీ-అడిక్షన్ కౌన్సెలింగ్‌కి హాజరు కావాలని ఆర్డరొచ్చింది.

సోమవారం పొద్దున్నే బస్సెక్కింది. పక్క సీట్లో ధనరాజ్ వచ్చి కూలబడ్డాడు.

"ఎక్కడికిరా?"

"మీకు తోడు మేడమ్. ఒక్కలే ఎలా ఎల్తారు?"

వెనక్కి తిరిగి చూస్తే, బస్సు సగం ఆమె క్లాసే.

"ఏటిది, ఇంతమంది! ఎవులికి బాగులేదు?" అన్నాడు కండక్టర్.

అందరూ మేడమ్ వైపు చెయ్యి చూపించారు.