మేజోడులో రెంచి

నాలుగు రోజులు, నాలుగు బసలు, పని మాత్రం సున్నా. సముద్రం వెంబడి ఊరూరా ఆగుతూ వెళ్దామని కారెక్కుతూ ప్లంబరూ ఆయన భార్య టైలరమ్మా వేసుకున్న పథకం ఇది. ముప్పై ఏళ్ల కాపురంలో వాళ్లిద్దరూ కలిసి ఊరికే కూర్చున్న దాఖలాలు లేవు.

"మీరు రెంచి ముట్టుకుంటే అక్కణ్ణుంచే ఇంటికి," అంది ఆవిడ.

"నువ్వు సూది ముట్టుకున్నా అంతే," అన్నాడాయన.

నాలుగో బసలో మంచం మీంచే సముద్రం కనిపించే గది ఉంది. దానికోసం ఆవిడ ఆర్నెల్లుగా కలలు కంటోంది. అది తన చేతులారా పోగొడతానేమోనని ఆయనకు నిజంగానే భయం.

మొదటి బసలోనే కుళాయి కారుతోంది. చుక్క పడ్డప్పుడల్లా ఆయనకు ప్రాణం పోతున్నట్టుంది. చివరికి కడుపు బాగాలేదని బాత్రూంలో దూరి, మేజోడులో దాచిన చిన్న రెంచి తీశాడు. "తొందరేం లేదు, మెల్లగా రండి," అంది ఆవిడ బయటినుంచి. ఎంత మంచి మనిషి అనుకున్నాడు. తువ్వాళ్లు తెచ్చిన యజమాని కిటికీలోంచి అంతా చూసి, చడీచప్పుడు లేకుండా వెళ్లి తర్వాతి ఊళ్లో వాళ్లు దిగబోయే బసకు ఫోన్ చేశాడు.

రెండో ఊళ్లో యజమాని గేటు దాకా ఎదురొచ్చి సామాను మోశాడు. ఇచ్చిన గదిలో ఫ్లష్ పనిచేయడం లేదు. ఆయనకు మళ్లీ కడుపు నొప్పి, ఆవిడ వైద్యం పేరుతో ఆ పూట పస్తు. మూడో ఊళ్లో మర్యాదలు ఇంకా పెరిగాయి. గీజరు, షవరు, మేడమీద ట్యాంకు అన్నీ అయ్యేసరికి ఆయనకు నిజంగానే నీరసం వచ్చింది. అయినా పల్లెటూళ్లలో కిటికీ తెరల అంచులు కూడా ఎంత తీరుగా కుట్టుకుంటారో అని మెచ్చుకుంటూనే నిద్రపోయాడు.

నాలుగో బస యజమాని మెట్లు దిగి పరుగున వచ్చాడు. దొరికిపోయానురా దేవుడా అని ఆయన కళ్లు మూసుకున్నాడు. వచ్చినాయన తిన్నగా టైలరమ్మ ముందు ఆగాడు.

"అమ్మా, మూడుచోట్లా తెరలు కుట్టింది మీరే కదా? కుళాయిల పని వీరిదట. మా అదృష్టం."

ఆవిడ తల దించుకుంది. చేతిసంచిలోంచి సూదుల డబ్బా తీసి బల్లమీద పెట్టింది. ఆయన వంగి మేజోడులోంచి రెంచి తీసి దాని పక్కన పెట్టాడు. ఇంత చక్కటి పనిమంతురాలు తన భార్య అయినందుకు ఆయనకు గర్వంగా ఉంది. ఇంటికి తిరిగెళ్దామన్న మాట ఇద్దరూ ఎత్తలేదు.

సముద్రం గదిలో అన్నీ కొత్తవే, కారేదీ చిరిగేదీ లేదు. ఇద్దరూ మంచం మీద కూర్చుని పది నిమిషాలు అలలను చూశారు.

పక్కగది ఎలా ఉందో ఒకసారి చూసొద్దామా అని ఆవిడే అడిగింది.